పానా ఒక్కటే చాలదు

లోడుతో ఉన్న లారీ ఎత్తు ఎక్కలేక మొరాయించినా, తెల్లవారుజామున ఎంత సెల్ఫ్ కొట్టినా ఇంజన్ అందుకోకపోయినా డ్రైవర్ నోట ముందు వచ్చే మాట ‘పంపు పోయిందేమో’ అని. ట్యాంకులోని డీజిల్‌కు ఒత్తిడి పెంచి ఇంజన్‌కు అందించే ఫ్యూయల్ పంపు అది. భారీ డీజిల్ ఇంజన్‌లో అంత ఖరీదైనవి, అంత సున్నితమైనవి వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. ఆ మాట వినగానే ఓనర్ గుండెల్లో రాయి పడుతుంది. బండి ఆగినా ఫైనాన్స్ కిస్తీ ఆగదు, డ్రైవర్ బత్తా ఆగదు, ఎక్కించిన సరుకు చేరాల్సిన గడువూ ఆగదు.

ఇదివరకు ఆ కష్టానికి దగ్గర్లోనే మందు దొరికేది. విజయవాడ ఆటోనగర్‌లోనో, హైదరాబాద్ శివారు ఆటోనగర్‌లోనో, జాతీయ రహదారి పక్కన ఏదో ఒక షెడ్డులోనో పంపు విప్పి, బాగు చేసి, తిరిగి బిగించగల మేస్త్రీ ఉండేవాడు. ఇప్పుడూ ఆ మేస్త్రీ అక్కడే ఉన్నాడు, చేతిలో పానా కూడా ఉంది. కానీ 2020 తర్వాత వచ్చిన బండి ముందు నిలబడితే సగం పని అతని చేతికి అందడం లేదు. అందనిది నైపుణ్యం అనుకుంటే పొరపాటు. అతనికి కావలసింది సమాచారం, పరికరాలు, శిక్షణ. ఆ మూడూ అతనికి హక్కుగా దక్కాలి.

పాత పంపు కథ తెలిస్తే అతని విద్య విలువ తెలుస్తుంది. జర్మనీలో రాబర్ట్ బాష్ కంపెనీ డీజిల్ ఇంజెక్షన్ పంపులను 1927లో పెద్ద ఎత్తున తయారు చేయడం మొదలుపెట్టింది. మన దేశంలో 1951లో బెంగళూరు కేంద్రంగా మోటార్ ఇండస్ట్రీస్ కంపెనీ ఏర్పడింది. దాని పొడి పేరే మైకో. 2008లో ఆ కంపెనీ పేరు బాష్ లిమిటెడ్‌గా మారినా, లారీల వాళ్ల నోట అది నేటికీ మైకో పంపే. ఆరు సిలిండర్ల ఇంజన్‌కు ఆరు ఎలిమెంట్లు వరసగా నిలబడే ఇన్‌లైన్ పంపు అది. ఎలిమెంట్ అంటే ఒక బ్యారెల్, దానిలో కదిలే ప్లంజర్. రెండింటి మధ్య సందు 2 నుంచి 4 మైక్రాన్లు మాత్రమే. అందుకే ఒక బ్యారెల్‌లోని ప్లంజర్‌ను తీసి ఇంకో దాంట్లో పెట్టకూడదు.

ఆ పంపును మార్చడంలో అసలు సంగతంతా టైమింగ్‌లో ఉంది. ఇంజన్ రెండు చుట్లు తిరిగితే పంపు షాఫ్ట్ ఒక్క చుట్టే తిరుగుతుంది. కాబట్టి ఫ్లైవీల్ మీద గుర్తు కలిసింది కదా అని పంపు బిగిస్తే, తప్పు చుట్టులో బిగించే ప్రమాదం ఉంది. మేస్త్రీ ముందు ట్యాపెట్ కవర్ విప్పుతాడు. ఆరో సిలిండర్ వాల్వులు రెండూ ఒకటి మూసుకుంటూ ఒకటి తెరుచుకుంటూ ఉంటే, ఒకటో సిలిండర్ కంప్రెషన్‌లో ఉన్నట్టు లెక్క. ఆ తర్వాతే ఫ్లైవీల్ మీది ఇంజెక్షన్ గుర్తు, పంపు మీది గుర్తు కలుపుతాడు. ఇంకా పక్కాగా చూడాలంటే పంపు మొదటి ఎలిమెంట్ పైనున్న డెలివరీ వాల్వ్ తీసి, వంగిన సన్నని గొట్టం బిగించి, ఇంజన్‌ను చేత్తో మెల్లగా తిప్పుతాడు. ధారగా వస్తున్న డీజిల్ సన్నబడి బొట్లుగా మారే క్షణమే ఇంజెక్షన్ మొదలయ్యే క్షణం. చూపు, చెయ్యి కలిసి చేసే ఈ స్పిల్ టైమింగ్ పరీక్షకు ఏ కంప్యూటరూ అక్కర్లేదు. తర్వాత 1-5-3-6-2-4 ఫైరింగ్ వరసకు తగ్గట్టు పైపులు బిగించడం, హ్యాండ్ ప్రైమర్ కొట్టి బుడగలు పోయేదాకా ఎయిర్ తీయడం. పంపు లోపలి సంగతి చూడటానికి టెస్ట్ బెంచ్ ఉన్న ప్రత్యేక షాపులు ఉండేవి. ప్రతి ఎలిమెంట్ సమానంగా డీజిల్ పోస్తోందా లేదా అక్కడ గాజు గొట్టాల్లో కొలిచి సరిచేసేవారు. ఏ ఇంజినీరింగ్ కాలేజీ గడపా తొక్కకుండా, గురువు పక్కన ఏళ్ల తరబడి నిలబడి నేర్చుకున్న విద్య ఇది. తెలుగు నేల మీది సరుకు రవాణాను దశాబ్దాల పాటు నడిపించింది ఈ విద్యే.

వాహనాల పొగ నిబంధనలు బిగుసుకున్న కొద్దీ ఈ పంపు రోజులు దగ్గరపడ్డాయి. 2017 ఏప్రిల్‌లో బీఎస్-4 దేశమంతటా తప్పనిసరైంది. అప్పటికీ అశోక్ లేలాండ్ ఇన్‌లైన్ పంపును వదలకుండానే ఆ పరిమితులను అందుకునే ఐఈజీఆర్ పద్ధతిని తెచ్చింది. సామాన్య మెకానిక్ చేతికి అందే యంత్రానికి మార్కెట్లో ఎంత విలువ ఉందో దాన్నిబట్టే తెలుస్తుంది. 2020 ఏప్రిల్ 1న బీఎస్-6 రాగానే కొత్త భారీ లారీల్లో కామన్ రైల్‌దే రాజ్యమైంది. లారీలకు ఈ పద్ధతి కొత్తది కాదు. జపాన్‌లో డెన్సో కంపెనీ 1995లోనే హినో ట్రక్కుకు అమర్చింది.

కామన్ రైల్‌లో పంపు పని ఒత్తిడి పెంచడం వరకే. 1,600 నుంచి 2,000 బార్, కొన్నిట్లో ఇంకా ఎక్కువ ఒత్తిడితో డీజిల్ రైలు అనే ఒక ఉక్కు గొట్టంలో నిలవ ఉంటుంది. లారీ టైరులో గాలి ఒత్తిడి దాదాపు 8 బార్ అనుకుంటే, అది కనీసం 200 రెట్లు. ఏ సిలిండర్‌కు ఎప్పుడు, ఎంత డీజిల్ కొట్టాలో నిర్ణయించేది ఇంజన్ కంప్యూటర్ అయిన ఈసీయూ. కాబట్టి చాలా ఇంజన్లలో పాత పద్ధతి టైమింగ్ తలనొప్పి పోయింది. పంపు విప్పి బిగించడం సులువైంది కూడా. విప్పాలో వద్దో తేల్చుకోవడమే కష్టమైంది.

ఎక్కువ డబ్బు నష్టపోతున్నది ఇక్కడే. రైలు ఒత్తిడి తక్కువగా ఉందని ఈసీయూ నుంచి కోడ్ రాగానే నేరం పంపు మీదికి పోతుంది. కానీ ఒత్తిడి పడిపోవడానికి డజను కారణాలు ఉండవచ్చు. ఫిల్టర్ మూసుకుపోయి ఉండవచ్చు. ట్యాంకు నుంచి వచ్చే పైపు ఎక్కడో గాలి పీల్చవచ్చు. ఫీడ్ పంపు బలహీనపడి ఉండవచ్చు. పంపు మీదుండే మీటరింగ్ వాల్వ్ ఒక్కటే మొండికేసి ఉండవచ్చు, లేదా రైలు సెన్సరే తప్పు చెబుతూ ఉండవచ్చు. అన్నిటికంటే ఎక్కువగా మోసం చేసేది అరిగిన ఇంజెక్టర్. పంపు పెంచిన ఒత్తిడినంతా అది రిటర్న్ దారిలో వదిలేస్తుంది. ఒక్కో ఇంజెక్టర్ రిటర్న్ డీజిల్‌ను విడిగా సీసాల్లో పట్టి చూస్తే దొంగ ఎవరో కాసేపట్లో దొరికిపోతాడు. ఈ పరీక్షకు పెద్ద ఖర్చు లేదు. అయితే ఎంత రిటర్న్ వస్తే సరైనదో, సెల్ఫ్ కొడుతున్నప్పుడు రైలులో ఎంత ఒత్తిడి లేవాలో ఆ ఇంజన్ లెక్కలు తెలియాలి. ఆ లెక్కలే బయటి మెకానిక్‌కు దొరకడం లేదు. దొరక్కపోతే మిగిలే దారి ఊహ. ఊహ మీద కొత్త పంపు కొనిపిస్తే, బిల్లు కట్టిన ఓనర్ వారం తర్వాత అదే జబ్బుతో తిరిగి వస్తాడు.

సమాచారం అందకపోతే పోయేది డబ్బు ఒక్కటే కాదు, ప్రాణం కూడా. పాత ఇంజన్‌లో ఏ సిలిండర్ మిస్సవుతోందో తెలుసుకోవడానికి ఇంజన్ నడుస్తుండగానే ఇంజెక్టర్ దగ్గర పైపు నట్టు కాస్త వదులు చేసి చూడటం ప్రతి షెడ్డులోనూ మామూలు. కామన్ రైల్ ఇంజన్ మీద అదే పని చేస్తే చిమ్మే డీజిల్ చర్మాన్ని చీల్చుకుని లోపలికి దిగుతుంది. పైకి సూది గుచ్చినంత గాయమే కనిపిస్తుంది, లోపల కండరం చచ్చిపోవడం మొదలవుతుంది. వెంటనే శస్త్రచికిత్స అవసరమైన అత్యవసర స్థితి ఇది. ఆలస్యమైతే వేలు, కొన్నిసార్లు చెయ్యి తీసేయాల్సి వస్తుంది. ఇంజన్ ఆపాక కూడా రైలులో ఒత్తిడి దిగేదాకా ఆగకుండా నట్టు ముట్టుకోకూడదు. పాత అలవాటున్న చేతికి ఈ హెచ్చరిక చెప్పడం ఎవరి బాధ్యత? కొత్త టెక్నాలజీని అమ్మినవారిదీ, దాన్ని తప్పనిసరి చేసినవారిదీ కాదా?

పంపు నిజంగానే పోయిందనుకుందాం. అప్పుడు మొదటి ప్రశ్న అది ఎందుకు పోయిందన్నది. పాత ఇన్‌లైన్ పంపు కింది భాగానికి ఇంజన్ ఆయిల్ అందేది. చాలా కామన్ రైల్ పంపుల్లో లోపలి భాగాలకు నూనె డీజిలే. డీజిల్‌లో నీళ్లు చేరినా, కిరోసిన్ కలిసినా ఆ జారుడుతనం పోయి ఉక్కు మీద ఉక్కు రాసుకుంటుంది. బీఎస్-6 డీజిల్‌లో గంధకం 10 పీపీఎం మించకూడదు. గంధకాన్ని తీసే ప్రక్రియలోనే డీజిల్ సహజమైన జారుడుతనం తగ్గుతుంది కాబట్టి రిఫైనరీలు దాన్ని సరిచేయడానికి రసాయనాలు కలుపుతాయి. మన ప్రమాణాల్లో దానికీ ఒక పరీక్ష ఉంది. అరుగుదల మచ్చ 460 మైక్రాన్లు దాటకూడదు. ఇంత జాగ్రత్తగా తయారైన డీజిల్‌లో ఎవరో దారి మధ్యలో కల్తీ చేస్తే మొదట బలయ్యేది ఈ పంపే. చౌకగా వస్తోందని దారి పక్క డ్రమ్ముల్లో డీజిల్ కొట్టించడం, వాటర్ సెపరేటర్‌లో చేరిన నీళ్లు వదలకపోవడం, పేరులేని ఫిల్టర్ వేయడం ఎంత పొదుపో పంపు బిల్లు వచ్చాక తెలుస్తుంది.

అరిగిన పంపు ఒంటరిగా పోదు. దాని నుంచి రాలిన లోహపు పొడి రైలులోకి, ఇంజెక్టర్లలోకి, రిటర్న్ పైపు గుండా తిరిగి ట్యాంకులోకీ చేరుతుంది. ట్యాంకు దింపి కడగకుండా, పైపులు శుభ్రం చేయకుండా, ఇంజెక్టర్లు పరీక్షించకుండా కొత్త పంపు బిగిస్తే ఆ పొడే దాన్నీ మింగేస్తుంది. కొత్త పంపులో ముందుగా శుభ్రమైన డీజిల్ నింపకుండా పొడిగా తిప్పినా అంతే సంగతులు. విప్పిన ప్రతి రంధ్రానికీ వెంటనే మూత పెట్టాలి, హై ప్రెజర్ పైపుల్లో కంపెనీ మార్చమన్నవి మార్చాలి, నట్లు టార్క్ రెంచ్‌తో చెప్పిన లెక్కకే బిగించాలి. దుమ్ములో, ఆరుబయట, చెట్టు కింద చేసే పని కాదిది. ఈ విషయంలో అమెరికా అనుభవం ఉంది. 2021లో అక్కడ 2019, 2020 మోడల్ రామ్ డీజిల్ పికప్ ట్రక్కులను 2 లక్షలకు పైగా వెనక్కి పిలిపించి, సీపీ4 పంపులు తీసి, అంతకుముందు తరం సీపీ3 పంపులు బిగించారు. పంపు ఒక్కటే మార్చి సరిపెట్టకుండా, అవసరమైన బండ్లలో మిగతా ఇంధన భాగాలు కూడా మార్చారు.

వివరాలు బయటపెడితే కాలుష్య నియంత్రణ పరికరాలను తప్పించే ట్యాంపరింగ్ పెరుగుతుందనీ, నకిలీ విడిభాగాలు రాజ్యమేలుతాయనీ కంపెనీలు వాదించవచ్చు. ఆ భయంలో నిజం లేకపోలేదు. పొగను శుద్ధి చేసే యాడ్‌బ్లూ వ్యవస్థను దొంగదారిలో ఆపేయించుకునే ఓనర్లు ఉన్నారు. కానీ కోడ్ చదవడం, ఒత్తిడి కొలవడం, కొత్త ఇంజెక్టర్ నంబరు ఈసీయూలో నమోదు చేయడం వేరు, సాఫ్ట్‌వేర్ మార్చడం వేరు. మొదటిదానికి తలుపు తెరిచి రెండోదానికి తాళం వేయడం సాధ్యమే. బీఎస్-6కు మూలమైన యూరో-6 నిబంధనలను భారీ వాహనాలకు తెచ్చిన 2009 చట్టంలోనే, రిపేరు సమాచారం స్వతంత్ర గ్యారేజీలకూ అందాలని ఐరోపా సమాఖ్య రాసుకుంది. అమెరికాలో భారీ వాహనాల తయారీదారులు 2015లో ఇలాంటి ఒప్పందానికే వచ్చారు.

మన దగ్గర ఆలోచన లేదని కాదు. విడిభాగాలు, డయాగ్నస్టిక్ పరికరాలు బయటి గ్యారేజీలకు ఇవ్వడం లేదని 2014లో కాంపిటిషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలకు దాదాపు రూ.2,544 కోట్ల జరిమానా వేసింది. కంపెనీలు అప్పీలుకు వెళ్లాయి. 2022లో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ రిపేరు హక్కు మీద కమిటీ వేసింది. దాని జాబితాలో వాహనాలు ఉన్నాయి, వ్యవసాయ యంత్రాలూ ఉన్నాయి. ఆ ఏడాది డిసెంబర్‌లోనే ఆ శాఖ రిపేరు హక్కు పోర్టల్ తెరిచింది. పోర్టల్ మంచి మొదలు. కానీ నడిరోడ్డు మీద ఆగిన లారీకి కావలసింది చట్టం ఇచ్చే భరోసా. ప్రతి భారీ వాహన కంపెనీ తన ఇంజన్ కోడ్‌లు, ఒత్తిడి లెక్కలు, పరీక్షా పద్ధతులు న్యాయమైన ధరకు ఏ మెకానిక్‌కైనా ఇవ్వాల్సిందేనని కేంద్రం చట్టం చేయాలి.

రెండు తెలుగు రాష్ట్రాల వంతు పని ఇంకొకటుంది. ఐటీఐల్లో డీజిల్ మెకానిక్ కోర్సు ఏడాదిలో పూర్తవుతుంది. ఆ ఏడాదిలో కుర్రాడి చేతికి నడిచే బీఎస్-6 ఇంజన్, స్కానర్ రావాలి. అంతకంటే ముఖ్యం, నలభై, యాభై ఏళ్ల మేస్త్రీలకు ఆటోనగర్‌లలోనే సాయంత్రం పూట తెలుగులో తరగతులు పెట్టాలి. స్పిల్ టైమింగ్‌ను కంటితో పట్టగలిగిన మనిషికి రైలు ఒత్తిడి లెక్క నేర్పడం పెద్ద పనేం కాదు.

ఈ లోపు లారీ ఓనర్లు ఒక పని చేయవచ్చు. పంపు మార్చాలని ఎవరు చెప్పినా, అది కంపెనీ సర్వీసు సెంటర్ అయినా సరే, రైలు ఒత్తిడి రీడింగు, ఇంజెక్టర్ల రిటర్న్ సీసాలు, కోసి తెరిచిన పాత ఫిల్టర్ చూపించమని అడగండి. చూపించాకే పంపు విప్పనివ్వండి.