మైనస్ 80 డిగ్రీల భ్రమ

రక్తం తీసి, ట్యూబును ఐసులో పెట్టి, ప్లాస్మా వేరుచేసి, మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్‌కు చేరిస్తే అందులోని హార్మోన్లన్నీ భద్రమేనన్న నమ్మకం పరిశోధనల్లో పాతుకుపోయింది. లెప్టిన్ వంటి గట్టి హార్మోన్‌ను కొలిచేటప్పుడు దీనితో నష్టం లేదు. జీఎల్‌పీ-1, గ్రెలిన్‌ల దగ్గరకు వచ్చేసరికి ఇది తప్పు. చలి ఎంజైముల వేగం తగ్గిస్తుందే గాని, జరిగిన కోతను సరిచేయదు. ఫ్రిజ్‌లో పెట్టినంత మాత్రాన తోడుకున్న పెరుగు తిరిగి పాలు కాదు.

పేగు నుంచి వెలువడే జీఎల్‌పీ-1 చురుకైన రూపానికి శరీరంలో అర్ధాయుష్షు సుమారు 2 నిమిషాలు. డీపీపీ-4 అనే ఎంజైము దాని కొసనున్న రెండు అమైనో ఆమ్లాలను కత్తిరిస్తుంది. ఈ ఎంజైము ప్లాస్మాలోనూ కరిగి ఉంటుంది కనుక రక్తంతో పాటే ట్యూబులోకి దిగుతుంది. అందుకే దాని నిరోధకం రక్తం పడకముందే ట్యూబులో ఉండాలి. అప్రోటినిన్ కలిపాం కదా అన్న సమాధానం చెల్లదు. గ్లూకగాన్ కొలతల నాటి అలవాటది. అప్రోటినిన్ ట్రిప్సిన్‌ను, ప్లాస్మిన్‌ను, కల్లిక్రైన్‌ను అడ్డుకుంటుంది, డీపీపీ-4 దానికి లొంగదు.

1999లో జపాన్‌లో కొజిమా, కంగావా బృందం కనుగొన్న గ్రెలిన్ కథ వేరు. 28 అమైనో ఆమ్లాల ఈ గొలుసులో మూడోదైన సెరీన్‌కు 8 కార్బన్ల కొవ్వు ఆమ్లం అతుక్కుని ఉంటుంది. ఆకలి పుట్టించే పని దానివల్లే సాగుతుంది. ప్లాస్మాలోని ఎస్టరేజులు ఆ అతుకునే ఊడదీస్తాయి. గొలుసు చెక్కుచెదరదు, పని మాత్రం పోతుంది. కాబట్టి ఏఈబీఎస్ఎఫ్ వంటి నిరోధకం ట్యూబులో ఉండాలి. సెంట్రిఫ్యూజ్ తిప్పాక మిల్లీలీటరు ప్లాస్మాకు 100 మైక్రోలీటర్ల 1 నార్మల్ హైడ్రోక్లోరిక్ ఆమ్లం కలపడం వాడుకలో ఉన్న పద్ధతి. ఆమ్లాన్ని నేరుగా రక్తంలో పోస్తే ఎర్రకణాలు పగిలిపోతాయి.

ఎర్రకణాలు పగిలితే ఇన్సులిన్‌కూ ముప్పే. దాన్ని విచ్ఛిన్నం చేసే ఎంజైము వాటిలోనే ఉంది. సన్నని సూదితో సిరంజిని బలంగా లాగిన తప్పును ఏ ఐసూ దిద్దలేదు.

నమూనాలన్నిటినీ ఒకేలా చూశాం, నష్టం ఇరువర్గాలకూ సమానమే అన్నది అన్నిటికన్నా ప్రమాదకరమైన వాదన. మధుమేహ రోగుల్లో ఎందరో సిటాగ్లిప్టిన్ వంటి గ్లిప్టిన్లు వాడతారు. అవే డీపీపీ-4 నిరోధకాలు. ఆ రోగి రక్తం తన రక్షణను తానే వెంట తెచ్చుకుంటుంది, పోల్చడానికి ఎంచుకున్న ఆరోగ్యవంతుడి రక్తానికి ఆ రక్షణ లేదు. సాదా ట్యూబుల్లో రెండూ ఒకే బల్లమీద గంటసేపు కూర్చుంటే, ట్యూబులో పుట్టిన తేడా కూడా జబ్బు లక్షణంగా పత్రికలకెక్కుతుంది.

నిరోధకాలున్న ట్యూబుల ఖరీదు ఎక్కువన్నది నిజం. ఆ స్తోమత లేని చోట కోత పడినదీ పడనిదీ కలిపి మొత్తం జీఎల్‌పీ-1ను కొలవవచ్చు. పేగు ఎంత స్రవించిందో అది బాగానే చెబుతుంది. ఆ అంకెకు చురుకైన జీఎల్‌పీ-1 అని పేరు పెట్టకూడదు.