దోషసూచన శత్రువు కాదు

కంపైలరు దోషము చూపగానే మన విద్యార్థులు కలవరపడి, దానిని చదువక, తోచిన అక్షరమెల్ల మార్చి చూతురు. ఇది సరియైన పద్ధతి కాదు.

1974లో ఐ.బి.ఎం. పరిశోధకులు ఛాంబర్లిన్, బాయిస్ ప్రకటించిన ‘సీక్వెల్’ భాషయే నేటి ఎస్.క్యూ.ఎల్. ఆ భాషలోని ప్రశ్నను కొటేషన్ గుర్తుల నడుమ ప్రోగ్రాములో వ్రాసినచో, కంపైలరుకు అది వట్టి అక్షరముల వరుస. కాలము పేరు తప్పినను అది మౌనముగా సాగనిచ్చును. తప్పు బయటపడునది ప్రోగ్రాము నడచునప్పుడే. 2007లో సి షార్ప్ 3.0తో వచ్చిన ‘లింక్’ డేటాబేసు ప్రశ్నను భాషలోనే భాగము చేసినది. అందు వయస్సను సంఖ్యను పేరను అక్షరములతో పోల్చినచో కంపైలరు అప్పుడే నిలదీయును. ‘వేర్’ కనబడలేదని అది చెప్పినచో ప్రశ్నను చెరుపనక్కరలేదు, ‘యూజింగ్ సిస్టమ్.లింక్’ అను పంక్తి లోపించినదేమో ముందు చూడవలెను.

విద్యార్థులారా! మొదటి దోషమును మొదట సరిదిద్దుడు. తక్కినవి పెక్కు దాని నీడలే. కంపైలరు నేడు చెప్పని తప్పును రేపు వాడుకరి చెప్పును.

ప్రయోగ పరీక్షలలో ఫలితమునకే గాక, దోషమును చదివి కారణము వివరించుటకును మార్కులు కేటాయింపవలెనని కళాశాల కమిటీవారికి నా మనవి.