ఒడ్డున పడవకు చోటేది?

మత్స్యకారుల సమస్యలు అనగానే మనకు డీజిల్ రాయితీ, వేట నిషేధ భృతి, మరబోట్ల దౌర్జన్యం, తుఫాను పరిహారం గుర్తొస్తాయి. ఇవన్నీ న్యాయమైన డిమాండ్లే. కానీ వేటకు వెళ్లని రోజున చిన్న పడవను ఎక్కడ పెట్టుకోవాలి, అందుకు ఎవరు ఎంత ఖర్చు పెట్టుకోవాలి అన్న ప్రశ్న వినతిపత్రాల్లో ఎక్కడో అడుగున ఉంటుంది. మహిళా సంఘాల పత్రాల్లోనైతే ఆ మాత్రం కూడా కనిపించదు. పడవ మగవాడిది, సముద్రం మగవాడిది, ఎండుచేపా గంపా ఆడదానివి అన్న విభజనను మన చుట్టూ ఉన్న సమాజం ఎంత సహజంగా ఒప్పుకుందో ఈ మౌనమే చెబుతుంది. పడవ ఒడ్డున ఆగే చోటు స్త్రీల హక్కుల ప్రశ్న అనీ, దానిని మన ఎజెండాలోకి తెచ్చుకోవాలనీ చెప్పడానికే ఈ వ్యాసం.

ముందు కొన్ని వాస్తవాలు. 2010 సముద్ర మత్స్య గణన ప్రకారం ఆంధ్ర తీరంలో 555 మత్స్యకార గ్రామాలున్నాయి. చేపలు దింపే చోట్లు 353. చాలాకాలంగా పనిచేస్తున్న పెద్ద చేపల రేవులు మాత్రం విశాఖపట్నం, కాకినాడ, మచిలీపట్నం, నిజాంపట్నం. ఈ మధ్య కొత్త రేవులు మొదలుపెట్టారు, అయినా ఆ 353లో అత్యధిక భాగం ఉట్టి ఇసుక తీరమే, లేదా ఒక ఉప్పుటేరు గట్టు. అక్కడ కట్టేసే గుంజ ఉండదు, దీపం ఉండదు, కాపలా ఉండదు. పడవను అలల మీదుగా ఒడ్డుకు తెచ్చి, పోటు నీరు అందనంత దూరం పైకి లాగి పెట్టడమే పద్ధతి.

ఒకప్పుడు ఇది ఇంత కష్టం కాదు. దుంగలను తాళ్లతో కట్టిన తెప్పను వేట ముగిశాక విప్పి, దుంగలను ఒడ్డున ఆరబెట్టేవారు. నీరు పీల్చుకున్న కర్ర బరువెక్కుతుంది కాబట్టి ఆరబెట్టడం తప్పనిసరి. నలుగురు మనుషులు మోసుకుపోగలిగిన తెప్పకు కాస్త చోటు చాలు. ఇప్పుడు తెప్ప పేరుతో నడుస్తున్నది ఫైబర్ పడవ, దాని వెనుక ఇంజను. దానిని విప్పి పెట్టడానికి లేదు. నీళ్ల నుంచి పైకి తేవాలంటే పదిమంది భుజం పట్టాలి, లేదా ట్రాక్టరు మాట్లాడుకోవాలి. ఎండకు పై పొర పగులుతుంది, వానకు లోపల నీరు నిలుస్తుంది. ఇంజనును, వలను ఒడ్డున వదిలేస్తే తెల్లారేసరికి ఉంటాయన్న నమ్మకం లేదు.

మరి అవి ఎక్కడికి వెళతాయి? ఇంట్లోకి. తీరపు పేటల్లో ఒకటి రెండు గదుల ఇళ్లలో ఒక మూల ఇంజను, దాని పక్కన నూనె డబ్బా, గోడవారగా వలల కుప్ప. వంటా పిల్లల నిద్రా ఆ వాసనలోనే. ఎలుకలు వల కొరకకుండా చూడడం, తడిసిన వలను ఎండలో పరిచి తీయడం, గాలి మళ్లితే ఒడ్డుకు పరిగెత్తి తాడు బిగించడం, మగవాళ్లు అలసి నిద్రపోయినప్పుడు పడవ మీద ఒక కన్ను వేసి ఉంచడం, ఇవన్నీ స్త్రీల పనులు. పడవను భద్రపరిచే చోటుకు ప్రభుత్వం పెట్టాల్సిన ఖర్చును స్త్రీల శ్రమా, స్త్రీల ఇళ్లూ భరిస్తున్నాయి. ఈ శ్రమకు లెక్క లేదు. వేటలో వచ్చిన డబ్బును పంచేటప్పుడు పడవకు ఒక పాలు, వలకు ఒక పాలు, ఇంజనుకు ఒక పాలు, మనుషులకు పాళ్లు వేస్తారు. వాటిని కాపాడిన చేతులకు మాత్రం పాలు లేదు.

ఇంతకంటే ముఖ్యమైన విషయం ఒకటుంది. పడవ ఎక్కడ ఆగుతుందన్నదాన్ని బట్టే చేప ఎవరి చేతికి వస్తుందన్నది తేలుతుంది. పడవ పేట ముందున్న ఇసుకలో ఆగితే ఆ ఇంటి స్త్రీ గంపతో అక్కడే ఉంటుంది. కూరకు పోను మిగిలింది తానే అమ్ముతుంది, లేదా పక్కింటామె దగ్గర అరువు మీద తీసుకుని ఊళ్లు తిరిగి అమ్మి సాయంత్రానికి డబ్బు ఇస్తుంది. అరువు నడిచేది చుట్టరికం మీద, ముఖపరిచయం మీద. అదే పడవ దూరాన ఉన్న రేవుకు మారితే చేప వేలంపాటలోకి పోతుంది. అక్కడ ఐసు పెట్టెలు, వ్యాను, చేతినిండా నగదు ఉన్న వ్యాపారి ముందు రెండు వందల రూపాయల పెట్టుబడితో వచ్చిన ఆడమనిషి నిలబడలేదు. ఆటో ఖర్చు అదనం, చీకట్లో వెళ్లి రావడం అదనం, మరుగుదొడ్డి లేని చోట గంటల తరబడి కాచుకోవడం అదనం. పడవను పది కిలోమీటర్లు జరపడం అధికారికి సాంకేతిక విషయం. ఆమెకు అది ఉపాధి పోవడం.

అలాంటి చోట్లు ఏటేటా తగ్గిపోతున్నాయి. కాకినాడ దగ్గర ఉప్పాడలో సముద్రం ఇళ్లనే తినేస్తున్నది. కోతను ఆపడానికి వేసిన జియో ట్యూబుల గోడ కూడా దెబ్బతిన్నది. రాళ్ల గోడ కడితే రోడ్డు నిలుస్తుందేమో గాని రాళ్ల మీదుగా పడవ ఎక్కదు. భూమిని కాపాడే కట్టడమే పడవకు దారి మూసేస్తుంది. విశాఖ దక్షిణాన ఓడరేవు వచ్చినప్పుడు గంగవరం, దిబ్బపాలెం జాలర్లు పోరాడారు; 2009లో రేవు ప్రారంభమైంది, వాళ్లు తరతరాలుగా వాడుకున్న తీరం రేవు పాలైంది. విశాఖ నగరంలో బీచి సుందరీకరణ జరిగిన ప్రతిసారీ జాలారిపేటల పడవలు కంటికి అడ్డంగానే కనిపిస్తాయి. వాహ్యాళికి వచ్చిన వారికి కారు నిలిపే చోటు కావాలని మున్సిపాలిటీకి తెలుసు. చేపలు పట్టి తెచ్చే పడవకు నిలిపే చోటు కావాలంటే మాత్రం ఆక్రమణ అంటుంది.

శ్రీకాకుళం జిల్లాను చూస్తే ఈ ప్రశ్న ఎంత దూరం పోతుందో తెలుస్తుంది. రాష్ట్రంలో పొడవైన తీరాల్లో అదొకటి. ఉధృతమైన అలలు, పడవను భద్రంగా నిలుపుకునే రేవు లేకపోవడం, పేదరికం కలిసి అక్కడి మగవాళ్లను గుజరాత్‌లోని వెరావల్ మరబోట్ల మీద కూలీలుగా నిలబెట్టాయి. 2018 నవంబరులో అలా వెళ్లిన ఉత్తరాంధ్ర మత్స్యకారులను పాకిస్తాన్ అధికారులు పట్టుకున్నారు. 20 మంది 2020 జనవరిలో విడుదలయ్యారు. ఆ పధ్నాలుగు నెలలు ఇళ్లను నడిపిందీ, పిల్లలను సాకిందీ, అధికారుల చుట్టూ తిరిగిందీ ఎవరో వేరే చెప్పనవసరం లేదు. ఊళ్లో పడవకు చోటు లేకపోవడం ఒక్కటే వలసకు కారణమని నేను అనను. కానీ పడవను నిలుపుకోగలిగిన ఊళ్లో ఉండిపోవడానికి ఒక కారణం ఎక్కువ ఉంటుంది.

వేట నిషేధ కాలాన్ని తీసుకోండి. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరపడవలూ ఇంజను పడవలూ సముద్రంలోకి వెళ్లకూడదు. చేపలు గుడ్లు పెట్టే కాలం కాబట్టి ఈ నిషేధం అవసరమే. 2019 నుంచి పది వేల రూపాయలుగా ఉన్న భృతిని 2025లో ఇరవై వేలు చేశారు. 61 రోజులకు పంచితే రోజుకు సుమారు 328 రూపాయలు. ఇంటిల్లిపాదీ తినాల్సింది అందులోనే. పడవను పైకి లాగించిన ట్రాక్టరు బాడుగ, కప్పడానికి టార్పాలిన్, కాపలా మనిషి కూలి, మళ్లీ నీళ్లలోకి దించే ముందు మరమ్మతు కూడా అందులోంచే రావాలి. వేట ఆపమని చెప్పిన ప్రభుత్వం, ఆపిన పడవను ఎక్కడ పెట్టాలో చెప్పదు. లోటును పూడ్చేది స్త్రీలు పొదుపు సంఘంలో తీసుకున్న అప్పు, లేదా వడ్డీ వ్యాపారి దగ్గర పెట్టిన చెవి కమ్మలు.

తుఫాను హెచ్చరిక వచ్చినప్పుడు ఇదే కథ కొన్ని గంటల్లో జరుగుతుంది. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ, 2025 అక్టోబరులో మొంథా, ప్రతిసారీ మనుషులను శిబిరాలకు తరలించే ఏర్పాటు జరిగింది. ప్రాణాలు దక్కడం గొప్ప విషయం. కానీ పడవను లోపలికి తరలించడం సొంత ఖర్చు, సొంత బాధ్యత. అందుకే కొందరు మగవాళ్లు శిబిరానికి రాకుండా పడవ దగ్గరే ఉండిపోతారు. మొండితనం అని అధికారులు విసుక్కుంటారు. అప్పు తీరని పడవను అలలకు వదిలి రావడం ఎంత కష్టమో ఆ ఇంటి ఆడవాళ్లకు తెలుసు. పడవకు భద్రమైన చోటు ముందే ఉంటే మనిషి ప్రాణాన్ని బతిమాలి తరలించాల్సిన అవసరం ఉండదు.

అన్నిటికంటే దయనీయమైన స్థితి భర్తను సముద్రంలో పోగొట్టుకున్న స్త్రీది. శవం దొరకకపోతే చట్టం మామూలుగా ఏడేళ్లు గడిచాకే మనిషి చనిపోయినట్టు భావిస్తుంది. పడవ రిజిస్ట్రేషను అతని పేరు మీద ఉంటుంది. దానిని అమ్ముకోవడానికి కాగితాలు కావాలి, పాలుకు ఇవ్వడానికి నమ్మకమైన మనుషులు కావాలి, రెండింటికీ కొన్ని నెలలు కావాలి. ఆ కొన్ని నెలలు పడవను పెట్టుకునే చోటు ఆమెకు లేదు. ఎండకు పగిలి, వానకు నిండి, విడిభాగాలు ఒక్కొక్కటే మాయమై, చివరికి ఎవరో అడిగిన ధరకే ఇచ్చేస్తుంది. ఆస్తి హక్కు గురించి మనం ఎన్నో సదస్సులు పెట్టాం. ఆస్తిని నిలుపుకోవడానికి చోటు లేని హక్కు కాగితం మీద హక్కే.

పెద్ద రేవులు కడితే అన్నీ తీరతాయని వాదించేవారున్నారు. నేను రేవులకు వ్యతిరేకిని కాను. శ్రీకాకుళం స్త్రీలు రేవు అడిగితే వారి పక్కనే నిలబడాలి. కానీ రేవు ఎవరి కొలతలతో కడుతున్నారన్నది చూడాలి. లోతైన గోదీ మరబోట్లకు పనికొస్తుంది. చిన్న పడవకు ఏటవాలుగా ఇసుకలోకి దిగే చోటు కావాలి. అన్నిటినీ ఒకేచోట కిక్కిరిస్తే ఏమవుతుందో 2023 నవంబరు 19 రాత్రి విశాఖ చేపల రేవులో చూశాం. పక్కపక్కనే కట్టిన పడవలకు మంట అంటుకుని సుమారు 40 పడవలు కాలిపోయాయి. పడవ విలువలో 80 శాతం పరిహారంగా ఇస్తామని ప్రభుత్వం ప్రకటించింది. మంచిదే. కానీ ఆ కొలత పడవ విలువది. ఆ పడవలు తెచ్చే చేప మీద ఆధారపడి గంపలు నింపుకునే స్త్రీల నష్టం అందులో ఇమడదు.

చట్టంలో మనకు పట్టు దొరికే చోట్లున్నాయి. 2011 తీరప్రాంత నియంత్రణ నోటిఫికేషను ప్రకారం తీర నిర్వహణ ప్రణాళిక పటాల్లో మత్స్యకార గ్రామాలను, వారి ఉమ్మడి ఆస్తులను, జెట్టీలను, చేపలు ఎండబెట్టే చోట్లను గుర్తించాలి. పడవలు నిలిపే ఇసుక ఉమ్మడి ఆస్తి కాక మరేమిటి? అయితే రెవెన్యూ రికార్డులో అది పోరంబోకు. అనుభవం ఉంది, కాగితం లేదు. 2019 నోటిఫికేషను పరిస్థితిని ఇంకా బిగించింది. జనసాంద్రత ఎక్కువగా ఉన్న గ్రామీణ తీరాల్లో నిర్మాణాలు కూడని మేరను 200 మీటర్ల నుంచి 50 మీటర్లకు తగ్గించింది. పోటు గీతకు పది మీటర్ల దూరం నుంచే పర్యాటకుల కోసం తాత్కాలిక కట్టడాలను అనుమతించింది. సరిగ్గా పడవలు నిలిచే చోటే అది. పటంలో మన పడవ లేకపోతే రేపు అక్కడ ఫలహారశాల ఉంటుంది, దానికి అనుమతి పత్రమూ ఉంటుంది.

కాబట్టి మనం చేయవలసిన పనులున్నాయి. మనం పనిచేసే తీర గ్రామాల్లో స్త్రీలతో కూర్చుని పడవలు నిలిపే చోట్లు, ఎండబెట్టే కళ్లాలు, నీళ్లలోకి దిగే దారుల పటాన్ని మనమే గీయాలి. తీర ప్రణాళిక మీద బహిరంగ విచారణ జరిగినప్పుడు ఆ పటంతో స్త్రీలే మాట్లాడాలి. పేటకు ఒకటి చొప్పున ఇంజన్లూ వలలూ పెట్టుకునే తాళం ఉన్న షెడ్డు అడగాలి. దాని నిర్వహణ మత్స్య మిత్ర గ్రూపులకు అప్పగించాలి, వసూలయ్యే కొద్దిపాటి రుసుము వారి చేతిలోనే ఉండాలి. నిషేధ కాలంలోనూ తుఫాను రోజుల్లోనూ చిన్న పడవలకు రేవుల్లో రుసుము ఉండకూడదు. పడవను పైకి చేర్చే ఖర్చును సహాయక చర్యల ఖర్చులో చేర్చాలి. కొత్త రేవు ప్రతిదానిలో చిన్న పడవలు దిగే ఏటవాలు తీరం, గంపల స్త్రీలకు విడి స్థలం, వెలుతురు, నీళ్లు, మరుగుదొడ్డి నక్షాలోనే ఉండాలి. పడవ రిజిస్ట్రేషను భార్యాభర్తలిద్దరి పేరు మీద జరగాలి. వితంతువు పడవను కనీసం ఏడాది పాటు ఉచితంగా నిలుపుకునే హక్కు ఉండాలి.

ఇవి పెద్ద కోరికలు కావు. ఒక పేటకు కావలసింది కొన్ని గజాల ఇసుక, ఒక షెడ్డు, ఒక దీపం. కానీ ఆ కొన్ని గజాలు ఎవరివి అన్న ప్రశ్న అడిగిన మరుక్షణం రెవెన్యూ శాఖ, పర్యాటక శాఖ, రేవుల కంపెనీ, పేట పెద్దలు అందరూ ఒకవైపు చేరతారు. రెండో వైపు గంపలతో నిలబడిన స్త్రీలుంటారు. మనం ఎటు నిలబడాలో తేల్చుకోవడం కష్టం కాదు. రాబోయే ఏప్రిల్ 15 నాటికి, పడవలన్నీ ఒడ్డుకు చేరేలోగా, కనీసం పది పేటల పటాలు మన చేతిలో ఉండాలి.