మలీదాలో బెల్లం ఎంత?

మొన్న రంజాన్ ఈద్ రోజు రాత్రి ఇషా అయ్యాక మా తమ్ముడి కొడుకు టొరంటో నుంచి వీడియో కాల్ చేశాడు. అక్కడ ఇంకా పొద్దునే. మస్జిద్‌లో పరిచయమైన ఒక ఖాందాన్ నమాజ్ తర్వాత వాణ్ని ఇంటికి దావత్‌కి తీసుకెళ్లిందట. వాళ్లు ట్రినిడాడ్ ముసల్మానులు. గిన్నె కెమెరాకి చూపించి “ఫుప్పూ, ఇదేంటో చెప్పు” అన్నాడు.

“సేమియా కదరా బేటా.”

“వీళ్లు సవైన్ అంటారు. పక్కన చూడు, మలీదా! దీన్ని మలీదా అనే అంటారు. మన మలీదాలో బెల్లం ఎంత వేస్తారో ఆంటీ అడుగుతున్నారు.”

నా నోట మాట రాలేదు. మలీదా తిని పెరిగినదాన్నే. చేయడం మాత్రం ఎప్పుడూ నేర్చుకోలేదు. “దాదీకి తెలుసురా” అని నోరు జారి నాలిక కరుచుకున్నాను. దాదీ అల్లాహ్ దగ్గరికి వెళ్లి పన్నెండేళ్లయింది.

ఆ రాత్రి నుంచి ట్రినిడాడ్ నా దిమాగ్‌లోంచి పోవడం లేదు. అది కరేబియన్ సముద్రంలో ఒక చిన్న ద్వీపం. మనవాళ్లకి క్రికెట్ వల్ల, బ్రయాన్ లారా వల్ల తెలుసు. బానిసత్వం రద్దయ్యాక చెరకు తోటల్లో పనికి తెల్లదొరలు హిందూస్తాన్ నుంచి కూలీలను ఓడలెక్కించారు. ఫతల్ రజాక్ అనే మొదటి ఓడ 1845 మే 30న అక్కడ చేరింది. 1917 దాకా లక్షా నలభై వేల మందికి పైగా అలా వెళ్లారు. ఎక్కువమంది కలకత్తా రేవు నుంచి, కొందరు మద్రాసు నుంచి. వాళ్లంతా మన గోదావరోళ్లే అని నేను గొప్పలు పోను. కానీ ఓడెక్కడమంటే ఏంటో మన గడ్డకీ తెలుసు. మన కోరంగి రేవు నుంచి బర్మాకీ మారిషస్‌కీ ఎంతమంది వెళ్లారంటే, మారిషస్‌లో తెలుగువాళ్లకి ‘కోరంగీలు’ అనే పేరే పడింది.

ట్రినిడాడ్ వెళ్లినవాళ్ల జుబాన్ దాదాపు పోయింది. ఇప్పటి పిల్లలు మాట్లాడేది ఇంగ్లీషే. కానీ బావర్చీఖానాలోకి వెళితే జీలకర్ర ఇంకా ‘గీరా’యే. పప్పుకి బఘార్ పెట్టడం ‘చుంకే’. మన చౌంక్ అన్నమాట. వంకాయ కాల్చి చేసేది ‘బైగన్ చోకా’. చామాకులతో వేసే బజ్జీ ‘సహీనా’. ముహర్రం అక్కడ ‘హోసే’ అయింది, యా హుస్సేన్ అన్న పిలుపులోంచి. 1884లో ఆ జులూస్ మీద బ్రిటిష్ వాళ్లు కాల్పులు జరిపి ప్రాణాలు తీశారు. అయినా తాజియాలు ఆగలేదు. మన పీర్ల పండగలో లాగే అక్కడా అన్ని మతాలవాళ్లూ కలుస్తారు.

ఇంకో కిస్సా. ఆ దేశమంతా పొద్దున్నే రోడ్డు మీద నిలబడి తినేది ‘డబుల్స్’. పసుపు వేసిన మెత్తటి బారా రెండు, మధ్యలో శనగల కూర. 1936లో ప్రిన్సెస్ టౌన్‌లో దీన్ అనే ముస్లిం మియా బీవీ అమ్మడం మొదలుపెట్టారు. ఒక్క బారా చాలక జనం డబుల్ చేయమని అడిగేవారట, అదే పేరైంది. ఒక ముస్లిం ఇంటి వంట ఇవాళ మొత్తం ముల్క్ నాస్తా. తినేవాళ్లెవరూ అది పరాయిది అనుకోరు.

ఇక మన ఇళ్ల సంగతి. ఈమధ్య మా ఖాందాన్‌లో ఒక షాదీ జరిగింది. దస్తర్‌ఖాన్ మీద మందీ ఉంది, హైదరాబాదీ దమ్ బిర్యానీ ఉంది. బగారా అన్నం, సొరకాయ దాల్చా లేవు. చింతచిగురు గోష్త్ ఊసే లేదు. “అవి పల్లెటూరి వంటలు, మెహమాన్ల ముందు శరమ్‌గా ఉంటుంది” అంది పెళ్లికూతురి తల్లి. “పుస్తెలమ్మైనా పులస తినాలి” అనే గడ్డ మనది. మా అమ్మీ నవ్వుతూ “మనం లచ్చా అమ్మాలి” అనేది. పులస పులుసుకి లేని శరమ్ దాల్చాకి ఎందుకు?

నేను మందీకి దుష్మన్‌ని కాను. ట్రినిడాడ్ వాళ్లూ మార్చుకున్నారు. కొత్తిమీర బదులు అక్కడ పెరిగే ‘షాడో బెనీ’ ఆకు వేశారు. సవైన్‌లో డబ్బా పాలు పోశారు, ఎర్ర చెర్రీలు వేశారు. మా దాదీ మాత్రం తక్కువ తిందా? కోనసీమ కోడలు గనక సేమియాలో కొబ్బరిపాలు పోసేది. ఏ వంటా ఆకాశం నుంచి దిగిరాలేదు. కానీ వాళ్లు మజ్‌బూరీలో మార్చారు, పేరుని కాపాడుకున్నారు. మనం మజ్‌బూరీ ఏమీ లేకుండానే, ఉత్త శరమ్‌తో వదిలేస్తున్నాం. ఫరక్ అక్కడుంది.

కొందరు నౌజవాన్లు ఇంకో మాటంటారు: “మలీదా పీర్ల ఫాతిహా వంట, బిద్‌అత్, పోతేనే మంచిది.” అఖీదా విషయం ఉలమాని అడగండి, నేను ఫత్వా ఇచ్చేదాన్ని కాను. ఫాతిహా మీకు కుదరకపోతే చదివించకండి. కానీ గోధుమ రొట్టె, బెల్లం, నెయ్యి, కొబ్బరి ఏం గునా చేశాయి? జుమా రోజు పిల్లలకి చేసి పెట్టండి. హలాల్ రిజ్క్‌ని పారేయమని దీన్ చెప్పలేదు.

నాకు భయం ఒకటే. గోదావరి జిల్లాల్లో మనం తెలుగు మాట్లాడతాం, ఇంట్లో కాస్త ఉర్దూ కలుపుతాం. మన ఆనవాలు కితాబుల్లో పెద్దగా లేదు, నానీ దాదీల చేతుల్లో ఉంది. ఆ చేతులు ఒక్కొక్కటే వెళ్లిపోతున్నాయి. సముద్రాలు దాటి, గిర్మిట్ కూలీలుగా నలిగినవాళ్లు నూట ఎనభై ఏళ్లు మలీదాని నిలబెట్టుకున్నారు. ఇంట్లో పొయ్యి పక్కనే ఉన్న నేను నిలబెట్టుకోలేకపోయాను.

అందుకే మరుసటి ఆదివారం రాజమండ్రి నుంచి బస్సెక్కి అమలాపురం దగ్గర మా ఖాలా ఇంటికి వెళ్లాను. ఆమెకి ఎనభై దాటాయి. “బెల్లం ఎంత ఖాలా?” అంటే “గుప్పెడు” అంది. ఆ గుప్పెడు తక్కెట్లో వేసి తూచాను. నాలుగు రొట్టెలకి నూట ఇరవై గ్రాములు. కాగితం మీద రాసి, ఫోటో తీసి టొరంటో పంపాను.

మీ ఇంట్లో కూడా ఒక గుప్పెడు ఉంటుంది. వచ్చే బక్రీద్ లోపు వెళ్లి తూచి రాసుకోండి. ఆ వంట ఒక్కటైనా ఈద్ రోజు దస్తర్‌ఖాన్ మీద పెట్టండి. పక్కింటి సుబ్బారావు గారికీ ఒక గిన్నె పంపండి.