స్టూడెంట్ వీసా మీద దుల్హన్

పోయిన ఇత్వార్ హిందూపురంలో రైలెక్కి పెనుకొండ పోయాను. ఆపా పిలిచింది. ఆపా అంటే మా చాచా కూతురు. ఫోన్లో సంగతి చెప్పలేదు. "నువ్వు రా బాబా, కూర్చుని మాట్లాడాలి" అంది. మన ఇళ్ళల్లో ఈ మాట అన్నారంటే అది డబ్బుల సంగతే.

ఆపా కూతురికి పోయిన షవ్వాల్‌లో నిఖా అయింది. అబ్బాయి వాళ్ళది ధర్మవరం, పట్టుచీరల వ్యాపారం. ఇంగ్లాండ్‌లో ఎంఎస్సీ చేసి, చదువయ్యాక ఇచ్చే రెండేళ్ళ గ్రాడ్యుయేట్ వీసా మీద అక్కడే ఉన్నాడు. మూడు వారాల చుట్టీ మీద వచ్చాడు. నిఖా, వలీమా, బాబయ్య దర్గాలో సలామ్, విమానం. అప్పటినుంచి పిల్ల పుట్టింట్లో, షౌహర్ వీడియో కాల్లో. జహేజ్ ఒక్క పైసా వద్దన్నారు వాళ్ళు. ఆ మాట మస్జిద్ దగ్గర నలుగురికీ గొప్పగా చెప్పుకున్నవాణ్ణి నేనే.

ఇప్పుడు సంగతేమిటంటే, దుల్హన్‌ను తీసుకుపోయే దారి లేదు. వాళ్ళ బంధువుల్లో ఒకతను నాలుగేళ్ళ కింద చదువుకోవడానికి పోతూ బీవీని డిపెండెంట్‌గా వెంట తీసుకుపోయాడు. అదే ధైర్యంతో వీళ్ళూ నిఖా చేశారు. కానీ 2024 జనవరి 1 నుంచి బ్రిటన్‌లో మామూలు మాస్టర్స్‌కు పోయేవాళ్ళు భార్యను గానీ భర్తను గానీ తీసుకుపోలేరు. పీహెచ్‌డీ లాంటి రిసెర్చ్ చదువులకే ఆ వీలు మిగిలింది. గ్రాడ్యుయేట్ వీసా మీద ఉన్నవాడికీ, చదువు రోజుల్లోనే డిపెండెంట్‌గా వచ్చిన బీవీ అయితే తప్ప, కొత్త పెళ్ళికూతుర్ని పిలిపించుకునే హక్కు లేదు. ఏదైనా కంపెనీ స్పాన్సర్ చేసి స్కిల్డ్ వర్కర్ వీసా వస్తే పిలిపించుకోవచ్చు. అబ్బాయికి ఆ నౌకరీ ఇంకా దొరకలేదు. గోదాములో పని చేస్తున్నాడు.

అందుకని ధర్మవరం నుంచి ఒక మష్వరా వచ్చింది. పిల్లనే స్టూడెంట్‌గా పంపండి, ఇద్దరూ కలిసి ఉంటారు అని. ఫీజు 15 వేల పౌండ్లు, అంటే మన రూపాయల్లో లక్షలే. పైన హెల్త్ సర్‌చార్జి ఏడాదికి 776 పౌండ్లు. టికెట్టు. తొమ్మిది నెలల ఖర్చులకు సరిపడా రకమ్ 28 రోజులు ఖాతాలో కదలకుండా ఉండాలి. ఇదంతా ఎవరిమీద? పిల్ల అబ్బా మీద. "మేం జహేజ్ అడగలేదు కదా, మీ పిల్ల చదువే కదా" అన్నారట సమ్ధీ.

మా దుల్హాభాయ్ పెనుకొండలో ఫర్నిచర్ దుకాణం నడుపుతాడు. సూద్ హరామ్ అని దుకాణానికి ఏనాడూ బ్యాంకు గడప తొక్కని మనిషి. ఇప్పుడు ఆ 28 రోజుల బ్యాలెన్స్ చూపించడానికి వడ్డీకి డబ్బిచ్చేవాళ్ళ నెంబర్ రాసిపెట్టుకున్నాడు. ఆ చీటీ నాకు చూపించేటప్పుడు నా మొహం చూడలేదు.

నేను కలిసి ఉండొద్దనేవాణ్ణి కాను. చిన్నప్పుడు మా మొహల్లాలో కువైత్, సౌదీ పోయినవాళ్ళు చాలామంది ఉండేవాళ్ళు. ఉర్దూ మీడియం పిల్లోణ్ణి గనక వాళ్ళ బీవీలకు ఖత్‌లు రాసిపెట్టే పని నాది. ఇంటి ఖర్చులు, పిల్లల జ్వరాలు, సాస్ మీద షికాయత్ అన్నీ చెప్పేవాళ్ళు. ఆఖర్న ఏదో అని, వెంటనే దుపట్టా నోటికి అడ్డం పెట్టుకుని "వో నక్కో లిఖ్ రే" అనేవాళ్ళు. పదేళ్ళవాడికి ఏం తెలుసు, రాయకుండా వదిలేసేవాణ్ణి. రెండేళ్ళకోసారి వచ్చే షౌహర్ కోసం అలా జవానీ గడిపేసిన ఖాలాలు ఇప్పటికీ మా గల్లీలో ఉన్నారు. హజ్రత్ ఉమర్ (రజి) కాలంలో సిపాయిలను ఇంత కాలానికి మించి బీవీలకు దూరంగా ఉంచకూడదని హద్దు పెట్టారని రివాయత్. నాలుగు నెలలని కొందరు, ఆరు నెలలని కొందరు అంటారు. ఈ పిల్లకు అంతకు రెట్టింపు దాటింది.

కాబట్టి పోవాలి. అయితే ఎవరి ఖర్చుతో? నిఖా అయినాక బీవీ తిండి, బట్ట, ఇల్లు షౌహర్ జిమ్మా. మన ఉలమా ఎవరిని అడిగినా నఫ్కా గురించి ఇదే చెప్తారు. తన ఇంటికి బీవీ రావడానికి ఉన్న ఒక్క దర్వాజా యూనివర్సిటీ ఫీజే అయితే, ఆ దర్వాజా తెరిచే ఖర్చు కూడా ఆ ఇంటిదే. దాన్ని పిల్ల తండ్రి నెత్తిన పెడితే అది పౌండ్లలో కట్టే జహేజ్. పేరు మార్చినంత మాత్రాన హలాల్ కాదు.

ఇంకో ఖత్రా ఉంది. కన్సల్టెన్సీ వాడు "ఫారంలో కువారీ అని రాద్దాం, షౌహర్ అక్కడున్నాడంటే అనుమానిస్తారు" అన్నాడట. తౌబా. స్టూడెంట్ వీసా మీద ఉన్న అమ్మాయి తన షౌహర్‌తో ఒకే ఇంట్లో ఉండడం అక్కడ తప్పేమీ కాదు. ఝూట్ రాయడం తప్పు. పట్టుబడితే పదేళ్ళు ఆ దేశం గడప తొక్కనివ్వరు. క్లాసులకు పోకపోయినా యూనివర్సిటీ వాళ్ళే హోం ఆఫీసుకు చెప్తారు, వీసా పోతుంది. చదువు వంకతో ఉండిపోదామంటే ఏమవుతుందో మన తెలుగు పిల్లలు ముందే చూశారు. 2011లో కాలిఫోర్నియాలో ట్రై వ్యాలీ యూనివర్సిటీ మూతపడ్డప్పుడు కాళ్ళకు రేడియో కాలర్లు తగిలించారు. అప్పుడా ఫొటోలు చూసి మా డెస్క్‌లో ఎవరికీ మాట రాలేదు. 2019లో ఫార్మింగ్టన్ అయితే అమెరికా అధికారులే వల వేయడానికి తెరిచిన నకిలీ యూనివర్సిటీ. క్లాసులే లేని ఆ చదువులో సుమారు 600 మంది చేరారు, వాళ్ళలో మనవాళ్ళే ఎక్కువ.

పడితే పడేది పిల్లే. వీసా ఆమె పేరు మీద, హాజరు ఆమెది, వారానికి 20 గంటలకు మించి పని చేయకూడదన్న పాబందీ ఆమెదే. పొద్దున క్లాసు, సాయంత్రం పని, రాత్రి రొట్టెలు. ఇన్ని మోయబోయే మనిషిని ఆ రోజు మా మాటల్లోకి ఎవరూ పిలవలేదు. నేనే వంటింట్లోకి పోయి అడిగాను. హిందూపురంలో బీఎస్సీ చేసింది, బీఈడీ చేసి టీచర్ కావాలని కోరిక. కన్సల్టెన్సీ వాడు ఇంటర్నేషనల్ బిజినెస్ రాశాడు, సీటు తొందరగా వస్తుందని.

"మామూ, నాకు ఆయన దగ్గరికి పోవాలని ఉంది. ఆ కోర్సు చదవాలని లేదు. రెండోది చెప్తే మొదటిది పోతుందేమో" అంది.

ముప్పై ఏళ్ళ కింద నేను రాయకుండా వదిలేసిన మాటలు ఇలాంటివేనేమో.

ఆపాకు నేను చెప్పింది ఇదీ. ఫారంలో నిఖా సంగతి ఉన్నదున్నట్టు రాయాలి. కోర్సు పిల్ల ఎంచుకోవాలి, ఎంచుకున్నాక నిజంగా చదవాలి. ఫీజు అబ్బాయి కట్టాలి. కట్టలేకపోతే స్పాన్సర్ దొరికేదాకా సబర్ చేసి తనే చుట్టీ మీద రావాలి, లేదంటే పిల్ల విజిట్ వీసాకు పెట్టుకోవాలి. అది వస్తే ఆరు నెలల దాకా ఉండొచ్చు. అదీ గ్యారంటీ లేదనుకోండి, కానీ దుకాణం అమ్ముకునే పని ఉండదు. మామ దగ్గర తీసుకోక తప్పదంటే కర్జ్ అని కాగితం మీద రాసి, ఇద్దరు గవాహ్‌లతో దస్తఖత్ చేయాలి.

ఈ మాటలు ధర్మవరం చేరాయి. "అఖ్బార్‌లో పనిచేసే ఆయనకు మా ఇంటి సంగతులెందుకు" అన్నారట. అబ్బాయి మాత్రం నిన్న రాత్రి నాకు ఫోన్ చేశాడు. చాలాసేపు ఊరకే ఉన్నాడు. తర్వాత "మామూజాన్, ఫీజు సంగతి నాతో ఎవరూ చెప్పలేదు. ఆమె కూడా చెప్పలేదు" అన్నాడు.

వచ్చే జుమా నమాజ్ తర్వాత పెనుకొండలో కూర్చుంటున్నాం. ఈసారి పిల్లను వంటింట్లో ఉంచొద్దని ఆపాకు ముందే చెప్పాను.