ముందు కొలత, తరువాత పలుగు

కంటికి కనబడని లోపాన్ని వెదకి పట్టుకొనటం నిర్వహణ విభాగంలో పనిచేసే మాకు నిత్య పరీక్ష. ఈ నెల ముచ్చట భూమిలో పూడ్చిన కోయాక్సియల్ కేబులును గురించి. ఇందులో మా తొందరపాటు కూడా కొంత ఉన్నది. దానిని దాచదలచుకోలేదు.

రోళ్ళు పగిలే రోహిణి కార్తెలో ఒకనాడు, బొగ్గు కన్వేయరు చివరనున్న కెమెరా నుండి బొమ్మ రావటం ఆగిపోయినది. కంట్రోలు రూము నుండి అక్కడికి 280 మీటర్ల కేబులు. కెమెరా మార్చి చూశాము, ఫలితం లేదు. లోపం కేబులులోనే ఉన్నదని తేలగానే మొత్తం తవ్వించి కొత్తది వేయాలని నిశ్చయించాము. మధ్యాహ్నానికి 40 మీటర్ల మేర తవ్వకం సాగినది. అంతలో ఒక కూలీ వడదెబ్బ తగిలి కూలబడిపోయాడు. నీడకు చేర్చి, తడిబట్టతో ఒళ్ళు తుడిచి, ప్రథమ చికిత్స కేంద్రానికి పంపాము. సాయంత్రానికి తేరుకున్నాడు గాని, మా మనసులు తేరుకోలేదు.

పదవీ విరమణకు దగ్గరపడిన మా టెక్నీషియన్ ఒకరు అప్పుడు మెల్లగా అన్నారు: "సార్, కొలవకుండా తవ్విస్తున్నాము. నన్ను ఒక్క అరగంట మీటరు పట్టనివ్వండి."

కోయాక్సియల్ కేబులు నడుమ ఒక తీగ, దాని చుట్టూ పాలిథీన్ పొర, ఆపై లోహపు అల్లిక, అన్నిటికీ పైన తొడుగు ఉంటాయి. ఈ అమరికకు 1880లో ఇంగ్లండులో పేటెంటు పొందినవారు ఆలివర్ హెవిసైడ్. ఆయన చేసిన అమరికను పరీక్షించటానికి మన సంచిలోని మల్టీమీటరు చాలావరకు సరిపోతుంది.

మొదట రెండు చివరలనూ పరికరాల నుండి విడదీయాలి. కేబులులో వోల్టేజి ఏదీ లేదని రూఢి చేసుకొనాలి. ఆ తరువాత నడిమి తీగకూ అల్లికకూ మధ్య నిరోధం చూడాలి. కేబులు బాగుంటే మీటరు అనంతం చూపుతుంది. కొద్ది ఓములే చూపితే అవి రెండూ ఎక్కడో తాకుతున్నట్లు. తరువాత అవతలి చివర రెండింటినీ కలిపి మరల చూడాలి. ఇప్పుడు కొద్ది ఓములే రావాలి. మాకు అప్పుడు కూడా అనంతమే వచ్చినది. అనగా దారి ఎక్కడో తెగినది.

ఎక్కడ? అందుకు ఆయన అవతలి చివర వేసిన కలుపును విప్పించి, కెపాసిటెన్సు కొలిచే మీటరు తీశారు. రెండు లోహాల నడుమ నిరోధకపు పొర ఉన్నందున కేబులే ఒక పొడవాటి కెపాసిటరు. పొడవు పెరిగినకొద్దీ విలువ పెరుగుతుంది. మేము వేసిన ఆర్‌జి-59 ఘన పాలిథీన్ రకానికి మీటరు పొడవుకు సుమారు 67 పికోఫారడ్లు. కంట్రోలు రూము వైపు నుండి 12.1 నానోఫారడ్లు, కెమెరా వైపు నుండి 6.7 వచ్చాయి. మొత్తం 18.8. ఆ నిష్పత్తిలో 280 మీటర్లను పంచితే, తెగినచోటు కంట్రోలు రూముకు సుమారు 180 మీటర్ల దూరం. సరిగా లారీలు దాటే దారి అంచున! అక్కడ రెండు మీటర్లు తవ్వగానే రిజిస్టరులో ఎక్కని పాత జాయింటు ఒకటి, చిలుము పట్టి విడిపోయి కనబడినది.

తెగటం కాక తీగ అల్లికను తాకిన లోపమైతే, రెండు చివరల నుండి నిరోధం కొలవాలి. ఏ వైపు తక్కువ వస్తే లోపం ఆ వైపునకు దగ్గర, సమానమైతే నడిమధ్య. ముందుగా మీటరు ప్రోబులను ఒకదానికొకటి తాకించి, ఆ విలువను తీసివేయటం మరువరాదు. ఇక్కడ అర ఓము కూడా అనేక మీటర్ల తేడా తెస్తుంది.

మీటరు చెప్పలేనివి కూడా ఉన్నాయి. కేబులుపై వ్రాసిన 75 ఓములు సంకేతాలకు సంబంధించిన ఇంపీడెన్సు. మల్టీమీటరుకు అది అందదు. నలిగిన కేబులు సైతం ఈ పరీక్షలో నెగ్గవచ్చును. తేమ చేరినట్లు అనుమానమైతే ఇన్సులేషన్ టెస్టరు, నలుగుడు పసిగట్టటానికి పల్సు పంపి ప్రతిధ్వని చూసే టి.డి.ఆర్. పరికరం అవసరం.

గృహిణులకూ, పిల్లలకూ ఒక మాట. ఇంటి డిష్ కేబులును పరీక్షించబోయే ముందు సెట్‌టాప్ బాక్సు ప్లగ్గు తీసివేయండి. అది డిష్ వద్దనున్న ఎల్.ఎన్.బి.కి ఆ కేబులు ద్వారానే 13 లేక 18 వోల్టులు పంపుతుంది. వాన తరువాత బొమ్మ పోతే, ముందుగా డిష్ వద్ద కనెక్టరులోనికి నీరు చేరినదేమో పెద్దలచేత చూపించండి.

ఆనాటి నుండి మా విభాగంలో ప్రతి కేబులు పొడవునూ, జాయింటునూ, కొత్తగా ఉన్నప్పటి కెపాసిటెన్సునూ రిజిస్టరులో వ్రాస్తున్నాము. కొలిచిన అంకెలు కాగితంపై చేరిన తరువాతనే మేస్త్రీకి కబురు పెడుతున్నాము. అరగంట కొలతకు బద్ధకించి ఒక మనిషిని ఎండలో నిలబెట్టిన ఆ మధ్యాహ్నాన్ని మేము మరువలేదు, మరువము కూడా.