ఆడుచు వాయించుట అపచారమా?

కెల్టిక్ ఫిడేలువాద్యకులు రంగస్థలముమీద వాద్యమును భుజమున నిలుపుకొని, కమానును క్షణమైన ఆపకయే మడమలతోను మునివ్రేళ్లతోను బల్లలు దద్దరిల్లునట్లు అడుగులు వేయుచు, ఈ చివరనుండి ఆ చివరకు గంతులు వేయుచు వాయించుటను చూచి పెదవి విరుచువారు నేటి సంగీతరసికులలో పెక్కుమంది కలరు. సంగీతము చెవికి సంబంధించినది, కన్నులను మురిపించు చేష్టలు చెవిని మోసగించును, నిజమైన విద్వాంసుడు నిశ్చలుడై నాదమునందు లీనుడగును, చేతిలో సరకు చాలనివాడే కాళ్లను ఆశ్రయించును, ఇదంతయు టిక్కెట్లు అమ్ముకొనుటకై ఇటీవలివారు కల్పించిన గారడి, అని వారి నిర్ణయము. ఇట్లనువారు సంగీతమును తెలియనివారు కారు. శ్రద్ధగా వినువారు, సంగీతమును ప్రేమించువారు. అందుచేతనే ఈ యభిప్రాయము సులభముగా వ్యాపించినది. అందుచేతనే దీనిని ఉపేక్షించుటకు వీలులేదు. ఇది మొదలంట తప్పని నా విశ్వాసము.

విమర్శకులు దేనిని చూచి కోపించుచున్నారో దానిని ముందుగా సమీపమునుండి చూతము. కెనడా దేశపు తూర్పుకొసన, నోవా స్కోషియా రాష్ట్రమునందు, కేప్ బ్రెటన్ అను దీవి కలదు. ఆ దీవిలోని ఇన్వర్నెస్ మండలమునందు 1972లో జన్మించిన నటాలీ మెక్‌మాస్టర్ ఈ విద్యకు లోకప్రసిద్ధిని తెచ్చినవారిలో అగ్రగణ్య. ఆమె స్ట్రాత్‌స్పే అను నెమ్మది నడక వరుసను ఆరంభించునపుడు పాదములలో విశేషమేమియు కనబడదు. ఒక మడమ లయను పట్టుచుండును, అంతే. వరుస మరల మరల తిరుగుచుండగా కాలము ఇంచుకించుకగా బిగిసి, నడుమ విరామమేమియు లేకయే వాద్యము రీల్ అను ద్రుతగతిలోనికి దుమికిన క్షణమున కాళ్లు రెండును మేల్కొనును. అప్పుడు ఆమె పాదములను కాక భుజములను చూడవలెను. ఆడుచున్నది ప్రధానముగా మోకాళ్లకు దిగువనున్న భాగమే. నడుము, రొమ్ము, ఫిడేలును అదిమి పట్టిన గడ్డము, కమాను చేతి మోచేయి, ఇవి తమ స్థానమును తప్పవు. పాదము నేలను విడిచి ఎత్తునకు లేవదు. ఆ దీవిలో మంచి యాటగాని మెచ్చుకొనుటకు ‘నేలకు దగ్గరగా ఆడును’ అందురు. ఒకే స్వరమును మణికట్టు విదిలింపుతో మూడు చిన్న తునకలుగా కోయుట అక్కడి ఫిడేలువాద్యమున ముఖ్యమైన అలంకారము. దానిని ‘కట్’ అందురు. కమాను అట్లు కోసినచోట పాదముకూడ చిన్నచిన్న దెబ్బలతో బదులు చెప్పుట విన్నవాడు, చేతికిని కాలికిని నడుమ జరుగుచున్నది పోటీ కాదని, అది ఒకే లయ రెండు నోళ్లతో పలుకుటయని గ్రహింపక తప్పదు.

ఈ వరుసల పుట్టుక తెలిసినవారికి ఆ పాదములు వాద్యమునకు పైనుండి తగిలించిన సొమ్ములుగా తోచవు. పదునెనిమిదవ శతాబ్ది చివరిభాగము మొదలు పందొమ్మిదవ శతాబ్ది మధ్యభాగము వరకు, స్కాట్లండు ఉత్తరభాగపు కొండసీమలనుండియు పశ్చిమద్వీపములనుండియు, భూస్వాములు గొఱ్ఱెల పెంపకముకొరకు పొలములనుండి వెడలగొట్టగా కొందరును, బ్రతుకుతెరువును వెదకికొనుచు కొందరును, వేలకొలది గేలిక్ భాషీయులు అట్లాంటిక్ మహాసముద్రమును దాటి కేప్ బ్రెటన్ చేరిరి. వారు తమవెంట తెచ్చుకొన్న సొత్తులో భాష, మతము, పాటలు, వరుసలు ముఖ్యమైనవి. ఆ వరుసలలో విలాపములును, తీరికగా విను మందగీతములును లేకపోలేదు. కాని స్ట్రాత్‌స్పే, రీల్, జిగ్ అనునవి మూడును ఆటకొరకు పుట్టి ఆటలో పెరిగినవి. స్ట్రాత్‌స్పేయందు హ్రస్వస్వరము ముందును దీర్ఘస్వరము వెనుకను వచ్చి వినువానిని ఒక్కసారి కుదిపెడు ఆ విరుపు ఉన్నదే, దానిని కాగితముమీద చుక్కలతో వ్రాయవచ్చును గాని, అడుగు వేసి యెరుగనివాడు దానిని వాయించినపుడు అందులోని పట్టు పోయి లెక్క మాత్రమే మిగులును. స్కాట్లండున ఈ వరుసల కర్తలలో శిరోమణియగు నీల్ గౌ (1727–1807) కీర్తియంతయు ఆటల విడుదులలో ఆర్జించినదే. ‘స్ట్రాత్‌స్పే చక్రవర్తి’యని పేరొందిన జేమ్స్ స్కాట్ స్కిన్నర్ (1843–1927) నాట్యాచార్యవృత్తితో జీవించినవాడు, వాయించుట, అడుగులు నేర్పుట ఆయనకు ఒకే జీవనము.

ఇది పల్లెటూరి మోటుదనమని, యూరపు శాస్త్రీయసంగీతము దీనిని ఎన్నడో దాటిపోయినదని అనువారు ఆ సంగీతచరిత్రనే మరల చదువవలెను. అక్కడి నాట్యాచార్యులు కోటుజేబులో పట్టునంతటి సన్నని చిన్న ఫిడేలును దాచుకొని, శిష్యులకు అడుగు చూపుచునే దానిని వాయించుచుండెడివారు. ఫ్రాన్సు రాజాస్థానమున సంగీతమునకు సర్వాధికారియైన జాన్ బాప్తిస్త్ లుల్లీ వయొలినువాద్యకుడు, నర్తకుడు. 1653లో పదునాలుగవ లూయీ తానే సూర్యుడై కనబడిన నాట్యప్రదర్శనమున అతడుకూడ ఆడినాడు. ఫ్రెంచి వయొలిను సంప్రదాయమునకు మూలపురుషుడుగా ఎన్నబడు జాన్ మారీ లెక్లేర్ (1697–1764) లియోన్ నగరమున నర్తకుడుగా బ్రతుకు నారంభించి, ట్యూరిన్ నగరమున నాట్యాచార్యుడుగా పనిచేసినవాడు. వయొలినుచరిత్రలో ఇట్టివారు తలవాకిట నిలిచియుండగా, నాట్యము వయొలినుకు అంటరానిదను సిద్ధాంతము ఎచ్చటనుండి వచ్చినది? శ్రోతలు కదలక మెదలక కూర్చుండుట, వరుస నడుమ చప్పట్లు కొట్టకుండుట, వాద్యకుడు గంభీరముఖముతో నిలుచుండుట, ఇవన్నియు ప్రధానముగా పందొమ్మిదవ శతాబ్దమున కచేరీశాలలలో స్థిరపడిన మర్యాదలు. ఒక కాలపు, ఒక శాలయొక్క మర్యాదను సంగీతధర్మముగా ప్రకటించి, దానిని ఎరుగని సంగీతమును దానితో కొలిచి, తక్కువ వచ్చినదని నిందించుట న్యాయము కాదు.

ఇచ్చట ఆక్షేపకులలో తెలివిగలవారు మరియొక యుక్తిని చూపుదురు. సంప్రదాయమని మీరు చెప్పుచున్నారే, ఆ కేప్ బ్రెటన్ పెద్దలు కూర్చుండియే వాయించిరి గదా, అందురు. నిజమే. నటాలీకి తండ్రి సోదరుడును, రైల్వే ఉద్యోగమున జీవితము గడుపుచు ఊరూర ఆటలకు వాయించినవాడును, ఆ దీవి జనులకు ప్రాణసమానుడును అగు బడ్డీ మెక్‌మాస్టర్ (1924–2014) కుర్చీలో కూర్చుండి వాయించెను. పాదము మాత్రము నేలను కొట్టుచునే యుండెను. కాని ఆయన ఎదుట ఏమి యుండెను? శాలనిండ జతలుజతలుగా ఆడు జనము. గంటలకొలది సాగు ఆ యాటలకు ఆయన కూర్చుండక తీరదు. ఆడుటకు ఆయన లేవవలసిన యగత్యమును లేదు, ఏలనగా ఆయన కమాను కదిలినపుడెల్ల కదలుటకు వందలకొలది కాళ్లు సిద్ధముగా నుండెను. ఈ వరుసను ఇప్పుడు టొరంటోలోనో బోస్టన్‌లోనో ఒక పెద్ద నాటకశాలకు తీసికొనిపొండు. అక్కడ కుర్చీలు నేలకు బిగింపబడి యుండును. వెయ్యిమంది చీకటిలో చేతులు ఒడిలో పెట్టుకొని కూర్చుందురు. ఆడుటకు జానెడు చోటు లేదు. కచేరీశాల ఆ వరుసనుండి దాని సగమును కోసివేసినది. కోసివేయబడిన ఆ సగమును వాద్యకురాలు తన కాళ్లలో మోసికొనివచ్చి వేదికమీద నిలుపుచున్నది. సంప్రదాయమును చెరచుట అన దీనినా? కేప్ బ్రెటన్ కచేరీలలో ఆటగాడొకడు ప్రేక్షకులనుండి లేచి వేదిక నెక్కి నాలుగడుగులు వేసి దిగిపోవుట నేటికిని వాడుక. అక్కడివారికి ఇది వింతయు కాదు, విఘాతమును కాదు. నటాలీ తన తల్లియొద్ద మొదట అడుగులు నేర్చి, తొమ్మిదేండ్ల ప్రాయమున ఫిడేలు పట్టినది. ముందు కాలు, తరువాత చేయి. ఆ క్రమములో ఎదిగిన కళాకారిణిని వేదికమీద కాళ్లను మరచిపొమ్మనుట అన్యాయము.

ఆడుచు వాయించిన నాదము చెడునను వాదమును తేలికగా త్రోసిపుచ్చరాదు, అది పరీక్షింపదగినది. గంతు వేసి నేలకు దిగునపుడు కమాను తీగమీద ఎగురుట, ఒత్తిడి తప్పుట శరీరధర్మము. కేప్ బ్రెటన్ అడుగు నేలకు దగ్గరగా నుండుటచేత ఆ బాధ అల్పమని పైన చెప్పితిని. కాని ఐర్లండు వాద్యకురాలు మైరేడ్ నెస్బిట్ వలె వేదికయంతయు పరుగెత్తి, గిరగిర తిరిగి, ఎగిరి వాయించువారి మాట యేమి? ఆమె శాస్త్రీయముగా శిక్షణ పొందినది. ‘లార్డ్ ఆఫ్ ది డాన్స్’ అను నాట్యప్రదర్శనములోను, ‘కెల్టిక్ వుమన్’ బృందములోను ఏండ్లకొలది వాయించినది. ‘రివర్‌డాన్స్’ అను నాట్యప్రదర్శనపు వేదికమీద సంచరించుచు వాయించిన ఐలీన్ ఐవర్స్ అఖిల ఐర్లండు పోటీలలో తొమ్మిదిమారులు బహుమానము గెలిచినది. చేతిలో సరకు చాలనివారు కాళ్ల నాశ్రయింతురను మాట వీరియెడ ఎట్లు పొసగును? ఇట్టివారు దీర్ఘస్వరమును లాగవలసినచోట నిలుతురు, తునకలుగా కొట్టు వరుసవద్ద ఎగురుదురు. ఎక్కడ ఎగురవచ్చునో ఎక్కడ ఎగురరాదో తెలియుట ఆ విద్యలో భాగము, దానికి ఏండ్ల సాధన కావలెను. వాద్యకుడు నిలువు మైకునకు కట్టుబడియుండిన కాలమున ఇది సాధ్యము కాదు. ఫిడేలుకే తగిలించు చిన్న తీగలేని మైకు వచ్చిన తరువాత ఆ బంధము తొలగినది. యంత్రము వాద్యకుని విడిపించినంతమాత్రమున అతడు గారడివాడయ్యెననుట తర్కము కాదు.

తెలుగువారమైన మనము ఈ యాక్షేపణను ఇతరుల నోట విని తల యూచుట నాకు మరింత బాధ కలిగించును. గీతము, వాద్యము, నృత్తము మూడును కూడినదే సంగీతమని శార్ఙ్గదేవుడు పదుమూడవ శతాబ్దముననే నిర్వచించెను. కాలికి గజ్జె కట్టి, చేత చిరతలు పట్టి, పాడుచు ఆడుచు, చేతులతోను పాదములతోను శిరస్సుతోను వేర్వేరు తాళములను ఏకకాలమున చూపిన ఆదిభట్ల నారాయణదాసుగారి పాండిత్యమును శంకించిన తెలుగువా డెవడైన కలడా? ఆయన అధ్యక్షులుగానుండిన విజయనగర సంగీతకళాశాలలోనే ద్వారం వెంకటస్వామినాయుడుగారు వయొలిను బోధించిరి. నాయుడుగారి వాద్యమున కన్నులు మూసికొన్న నిశ్చలత్వము. దాసుగారి కథలో గజ్జెల ఘోష. ఒకే చూరుక్రింద రెండును విద్యలుగానే గౌరవింపబడినవి. నాయుడుగారి నిశ్చలత్వము రాగాలాపనమునకు ఎంత సహజమో, అడుగులకై పుట్టిన రీల్‌కు చలనము అంత సహజము. అంతేకాదు, మన వయొలినుకు ఆ వరుసలతో చుట్టరికముకూడ కలదు. మద్రాసున ఐరోపీయునివద్ద ఈ వాద్యమును అభ్యసించి దక్షిణదేశసంగీతమునకు తెచ్చిన బాలుస్వామి దీక్షితుల అన్నగారు ముత్తుస్వామి దీక్షితులు, ఇంగ్లీషు బ్యాండ్లనుండి విన్న వరుసలకు సంస్కృతసాహిత్యము కూర్చి నొట్టుస్వరములు రచించిరి. వానిలో కొన్ని ఐర్లండు, స్కాట్లండు ఆటవరుసలే. నేడు మన పిల్లలు వానిని బాసెనపట్లు వేసికొని భక్తితో వాయింతురు. అట్లు వాయించుట తప్పు కాదు. కాని ఆ వరుసలు పుట్టిననాడు కూర్చుండి పుట్టలేదు.

నాకు తోచినంతవరకు ఈ యాక్షేపణ వేరు సంగీతశాస్త్రములో లేదు. కాళ్లను గూర్చిన ఒక పాత యనుమానములో ఉన్నది. మాబూ ప్రాంతమున ఒకప్పుడు ఒక మతాచార్యుడు ఆటలును త్రాగుడును పాపహేతువులని ఫిడేళ్లను పోగుచేయించి తగులబెట్టించెనని కేప్ బ్రెటన్‌వారు నేటికిని చెప్పుకొందురు. ఐర్లండులో 1935లో చేసిన శాసనము అనుమతిపత్రము లేనిదే బహిరంగముగా ఆటలు జరుపరాదని కట్టడిచేసినది. దాని చాటున పల్లెయిండ్ల వంటగదులలోని ఆటలుకూడ అణగిపోయినవి. ఆనాడు ఆ యనుమానము నీతి పేర వచ్చినది. నేడు అభిరుచి పేర వచ్చుచున్నది. 1970ల ఆరంభమున కేప్ బ్రెటన్ ఫిడేలువాద్యకుడు అంతరించుచున్నాడని కెనడా టెలివిజనులో ఒక చిత్రము ప్రసారమైనది. ఆ దీవివారు దానిని అవమానముగా భావించి, సంఘముగా కూడి, 1973 జూలైలో గ్లెన్‌డేల్ అను పల్లెలో నూరుమందికి పైగా ఫిడేలువాద్యకులను ఒక్క వేదికమీద నిలిపిరి. నటాలీయు, ఎడమచేతితో కమాను పట్టు ఆష్లీ మెకైజక్‌యు ఆ పునరుత్థానపు నీడలో పెరిగిన బిడ్డలు. ఆష్లీ 2010 ఫిబ్రవరిలో వాంకూవర్ శీతకాలపు ఒలింపిక్ క్రీడల ప్రారంభోత్సవమున, అడుగుల మోతల నడుమ ఫిడేలు వాయించెను. అంతరించునని లోకము లెక్క తేల్చిన విద్య లోకముయెదుట నిలిచినపుడు పాదములతోనే నిలిచినది.

వేదికమీది ప్రతి గంతును సమర్థించుట నా యుద్దేశము కాదు. వరుసతో సంబంధము లేక, దీపముల వెలుగుకొరకు ఎగురువారు కలరు. శ్రుతి జారుచున్నను చిరునవ్వుతో కప్పిపుచ్చువారు కలరు. స్ట్రాత్‌స్పే విరుపును నునుపుచేసి, అన్నిటిని ఒకే వేగమున దౌడు తీయించువారు కలరు. అట్టివారిని విమర్శకులు నిర్దాక్షిణ్యముగా విమర్శింతురుగాక. అపస్వరము వినబడినచో అపస్వరమని వ్రాయుడు. కట్‌లు తెగక అలుకుకొనిపోయినచో ఆ మాట చెప్పుడు. రీల్ వేగములో లయ పరుగెత్తిపోయినచో ఏ పట్టున పరుగెత్తినదో చూపుడు. కూర్చుండి వాయించువారియందును ఈ దోషములన్నియు ఉండును. వానిని చెప్పుటకు కాళ్ల ప్రసక్తి యక్కరలేదు.